ఫోరెన్సిక్ చదువు: మైక్రోస్కోపు కన్నా ముందు కాగితం కవరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ వద్దు, ఫోరెన్సిక్ సైన్స్ చదివి నేరం జరిగిన చోట ఆధారాలు సేకరిస్తానంటోంది. ఏ కోర్సులో చేర్చాలి? ఉద్యోగాలుంటాయా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: సీరియళ్లలో ఒకే మనిషి ఆధారం తీసి, తనే పరీక్షించి, తనే దొంగను పట్టేస్తాడు. ఇక్కడ అలా ఉండదు. ఘటనాస్థలానికి వెళ్లేది క్లూస్ టీమ్. వేలిముద్రలు ఫింగర్‌ప్రింట్ బ్యూరోకు, రక్తం, విసెరా (మృతదేహం నుంచి తీసిన లోపలి అవయవాలు), తూటాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తాయి. ఘటనాస్థలంలో సేకరణా, ల్యాబ్‌లో పరీక్షా, మీ అమ్మాయికి ఈ రెంటిలో ఏది ఇష్టమో ముందు అడగండి.

ఎటు వెళ్లినా పనిలో ఎక్కువ భాగం ప్యాకింగ్, నంబర్లు, సీళ్లు, రాతకోతలే. రక్తపు మరకలున్న తడి చొక్కానే తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే తేమకు బాక్టీరియా పెరిగి డీఎన్‌ఏ పాడవుతుంది. ఎండలోనూ ఆరేయకూడదు. నీడలో, కింద శుభ్రమైన కాగితం పరిచి ఆరబెట్టాలి. మరక మీద మడత పడకుండా, పొరల మధ్య కాగితం పెట్టి, కాగితపు కవర్లో ఉంచి లక్క సీలు వేయాలి. కింద పరిచిన కాగితాన్నీ మడిచి పంపాలి, దాని మీద వెంట్రుకో దారప్పోగో రాలి ఉండొచ్చు. మరక గోడ మీదుంటే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) అద్దాలి. పక్కనే మరకలేని చోట ఇంకో స్వాబ్ తీయాలి. అది లేకపోతే, ఫలితం రక్తానిదా గోడ సున్నానిదా అని డిఫెన్స్ లాయరు అడిగినప్పుడు నోరు పెగలదు. అలాగని కాగితపు కవరు అన్నిటికీ పనికిరాదు. కాలిన ఇంట్లో పెట్రోలు అనుమానమున్న బూడిదను అందులో పెడితే, ల్యాబ్‌కు చేరేలోగా పెట్రోలు ఆవిరైపోతుంది. దానికి గాలి చొరబడని డబ్బా కావాలి.

ల్యాబ్‌లో కొత్తవాళ్లు చేసే పొరపాటు తొందర. మరక రక్తానిదేనా అని చూసే ఫినాఫ్తలీన్ పరీక్షలో గులాబీ రంగు రాగానే రక్తం అని రాసేస్తారు. రసాయనం వేశాక ఆగి చూసి, ఆ తర్వాతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయాలి. పెరాక్సైడ్ వేయకముందే రంగొస్తే అది బ్లీచింగ్ లాంటి దాని పని కావచ్చు. వేశాక వచ్చినా అనుమానమే మిగులుతుంది, ఎందుకంటే కొన్ని మొక్కల రసాలూ అదే రంగిస్తాయి. నిర్ధారణకు వేరే పరీక్ష చేయాల్సిందే. విషాలను పరీక్షించే టాక్సికాలజీ విభాగమైతే విసెరా సీసాల వాసన ఉంటుంది. ఆ మాట కూడా ఇప్పుడే చెప్పండి.

ఇక ఉద్యోగాలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. దీని అమలుకు రాష్ట్రాలకు అయిదేళ్ల వ్యవధి ఉంది. అవసరం పెరగడం ఖాయం, కానీ పోస్టులు నోటిఫికేషన్ పడితేనే. అందుకే ఒక్క గుమ్మమే ఉన్న డిగ్రీ వద్దంటాను.

ల్యాబ్ పోస్టులు ఫిజికల్, కెమికల్, బయాలజీ, కంప్యూటర్స్ అంటూ విభాగాలుగా వస్తాయి, దేని అర్హత దానిదే. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల బీఎస్సీ-ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశ పరీక్షలో సీటొస్తే ఆలోచించక్కర్లేదు. రాకపోతే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల ‘దోస్త్’ ద్వారా కెమిస్ట్రీ తప్పనిసరిగా ఉన్న బీఎస్సీ, ఆపైన కెమిస్ట్రీలోనో ఫోరెన్సిక్‌లోనో ఎమ్మెస్సీ. కెమిస్ట్రీ ఉంటే ఫార్మా క్వాలిటీ కంట్రోల్ వైపూ వెళ్లొచ్చు. ప్రైవేటు కాలేజీ ఫోరెన్సిక్ బీఎస్సీ అంటే, ఫీజు కట్టకముందే ల్యాబ్ చూపించమనండి. రెండు నమూనాలను పక్కపక్కనే పెట్టి పోల్చే కంపారిజన్ మైక్రోస్కోపు పేరు చెప్పి, అది అద్దాల బీరువాలో ఉందా, విద్యార్థుల చేతుల్లో ఉందా గమనించండి.

ఈలోగా ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. ఒక గదిలోని ప్రతి వస్తువునూ టేపుతో కొలిచి స్కెచ్ గీయమనండి. ఒక్కో వస్తువుకు రెండు కదలని చోట్ల నుంచి, అంటే రెండు గోడ మూలల నుంచి దూరం రాయాలి. ఒక్కచోటి నుంచి కొలిస్తే అది ఎక్కడుందో తేలదు. మర్నాడు వస్తువులన్నీ తీసేసి, ఆ స్కెచ్ చూసి మళ్లీ ఎక్కడివక్కడ మీరు పెట్టి చూడండి.