టెక్ సందేహాలు: ఫోను ఎక్కడ కొన్నా సరే, తెర చూడకుండా వేలిముద్ర రెండోసారి వేయకండి

ప్రశ్న: కొత్త ఫోను, దానితోపాటు కొత్త సిమ్ తీసుకోవాలి. మా వీధి చివర మొబైల్ షాపతను తెలిసినవాడు, తెలుగులో మాట్లాడతాడు, ధర కూడా కొంత తగ్గిస్తానంటున్నాడు. నెట్‌వర్క్ కంపెనీ సొంత షోరూమ్‌లో కొంటేనే మంచిదని మా అల్లుడు పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
- బరంపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇదే ప్రశ్న పర్లాకిమిడి నుంచీ రాయగడ నుంచీ జయపురం నుంచీ పదేపదే వస్తోంది. అందరూ ధరతో మొదలుపెట్టి ధర దగ్గరే ఆగిపోతున్నారు. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేస్తాను.

మన దేశంలో అమ్మే స్మార్ట్‌ఫోన్లు దాదాపు అన్నీ ఏ నెట్‌వర్క్ సిమ్‌తోనైనా పనిచేస్తాయి. ఒకే నెట్‌వర్క్‌కు కట్టేసి ఉండేవి ప్రధానంగా కంపెనీలు తక్కువ ధరకు ఇచ్చే కొన్ని బటన్ ఫోన్లు. కాబట్టి షోరూమ్‌లో కొన్నా వీధి చివర కొన్నా పెట్టెలో ఉండేది అదే ఫోను, దానికి తయారీదారు ఇచ్చే వారంటీ అదే. పన్నూ అంతే. 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైల్ ఫోన్లపై జీఎస్టీ 18 శాతం. ఒడిశాలోని బరంపురంలో కొన్నా అంతే, ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురంలో కొన్నా అంతే. సరిహద్దు దాటితే చవక అన్న మాట 2017 జులై 1కి ముందు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిదిగా ఉన్న రోజులది. పన్ను కలిసొస్తుందని ఇప్పుడు సరిహద్దు ఊరు గిరిసోల దాటి వెళ్లనవసరం లేదు. ఎవరైనా జీఎస్టీ లేకుండా ఇస్తానంటే బిల్లు లేకుండా ఇస్తానని అర్థం. రేపు ఫోను పోయి పోలీసు స్టేషనుకు వెళితే అది మీదేనని చూపించడానికి చేతిలో ఉండాల్సిన కాగితం ఆ బిల్లే. బిల్లు మీద ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) తప్పకుండా రాయించుకోండి. *#06# నొక్కితే తెర మీద కనిపించే 15 అంకెలు, పెట్టె మీదివి, బిల్లు మీదివి ఒకటేనో కాదో కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. రెండు సిమ్‌లు పట్టే ఫోనుకు రెండు నంబర్లు ఉంటాయి. కేవైఎం (KYM) అని రాసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలు చేర్చి 14422కు మెసేజ్ పంపితే ఆ నంబరు సరైనదో కాదో జవాబు వస్తుంది. కేవైఎం అన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి.

ఇక మీ అల్లుడి వాదన. షోరూమ్ అంటే కంపెనీదే అని ఆయన అనుకుంటున్నారు. కంపెనీ రంగు, కంపెనీ గుర్తు వేసి ఉన్న షాపులన్నీ కంపెనీవి కావు. వాటిలో చాలా వరకు కమీషన్ మీద నడిపే సొంత వ్యాపారాలు. కంపెనీ నేరుగా నడిపే దుకాణం ఏదో తెలుసుకోవాలంటే ఆ కంపెనీ యాప్‌లో దుకాణాల జాబితా చూడాలి, లేదా బిల్లు మీద ఎవరి పేరు, ఎవరి జీఎస్టీ నంబరు ఉందో చూడాలి. బోర్డును చూసి నమ్మితే ప్రయోజనం లేదు.

నేను అసలు భయపడేది ఫోను గురించి కాదు. ఆ కౌంటర్ మీద మీరు పెట్టే వేలి గురించి.

ఒకసారి ఆ దృశ్యాన్ని దగ్గరగా చూడండి. షాపతని చేతిలో అతని ఫోను, దానికి తీగతో తగిలించిన చిన్న వేలిముద్ర యంత్రం. మీ ఆధార్ నంబరు కొడతాడు, మీ ఫొటో తీస్తాడు, వేలు పెట్టమంటాడు. యంత్రంలో లైటు వెలుగుతుంది. కొన్ని క్షణాలు ఆగి, 'పడలేదండీ, సర్వర్ స్లోగా ఉంది, మళ్లీ పెట్టండి' అంటాడు. మీరు మళ్లీ పెడతారు. తెర ఎప్పుడూ అతని వైపే తిరిగి ఉంటుంది. మొదటిసారి నిజంగా పడలేదా, లేక పడి మీ సిమ్ పని పూర్తయ్యాక రెండో ముద్రతో మీ పేరు మీదే ఇంకో సిమ్ తీశాడా? మీకు తెలిసే దారి లేదు. ఇది ఊహ కాదు. దేశంలో చాలా చోట్ల పోలీసులు పట్టుకున్న పద్ధతి ఇదే. అలా తీసిన సిమ్‌లు బ్యాంకు అధికారులమని, పోలీసులమని ఫోన్లు చేసి డబ్బు దోచే ముఠాల చేతికి వెళతాయి. ఆ నంబరును వెతుక్కుంటూ పోలీసులు వచ్చేది మాత్రం సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారి ఇంటికే.

ఈ మోసం సాగడానికి కారణం, వేలిముద్ర నిజంగానే పడకపోవడం కూడా మామూలే కావడం. పొలం పని చేసినవారికి, పెద్దవయసు వారికి వేళ్ల గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో పదిసార్లు పెట్టిన అలవాటుతో ఇక్కడా పెట్టేస్తారు. అందుకే ఈ ఏర్పాటు రూపకల్పన మీద నాకు చాలా కోపం. ఎవరి వేలిముద్ర తీసుకుంటున్నారో ఆ మనిషికి, ముద్ర పడిందో లేదో, పడితే ఏ పనికి వాడారో, అక్కడికక్కడే, చదవగలిగిన భాషలో కనిపించాలి. సమ్మతి అడిగే వాక్యాలు అమ్మేవాడి తెర మీద కాదు, కొనేవాడి కళ్ల ముందు ఉండాలి. ఒడియా బడిలోనో ఇంగ్లిష్ బడిలోనో చదివిన మన పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. తెలుగు ఒక్కటే చదవగలిగిన మన అమ్మల సంగతి ఏమిటి? అంత తెలివైన యాప్ తయారు చేయగలిగిన కంపెనీలకు ఇది చేతకాని పని కాదు. పట్టించుకోలేదు, అంతే.

చట్టం ఉంది. సిమ్ అమ్మే ప్రతి షాపూ టెలికాం కంపెనీ దగ్గర నమోదై ఉండాలన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి వచ్చింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతోనో వేరొకరి గుర్తింపుతోనో సిమ్ తీస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ శిక్ష పడేది దొంగ దొరికాక. ఈ లోపు స్టేషను చుట్టూ తిరిగేది మీరు.

కాబట్టి వేలు రెండోసారి పెట్టమంటే, పెట్టే ముందు తెర మీ వైపు తిప్పమనండి. విఫలమైందన్న సందేశం మీ కళ్లతో చూడండి. చూపించను అంటే లేచి రండి. సిమ్‌కు వేలిముద్ర తప్పనిసరి కాదు. గుర్తింపు పత్రం, మీ ఫొటో అక్కడే తీసి, ఓటీపీతో చేసే పద్ధతి కూడా ఉంది, అది అడగండి. ఇంటికి వచ్చాక ప్రభుత్వ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరు మీద దేశం మొత్తంలో ఉన్న కనెక్షన్ల జాబితా వస్తుంది. సరిహద్దులో ఉన్న మనకు ఇది మరీ ముఖ్యం. సిమ్ ఒడిశా సర్కిల్‌దైనా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌దైనా అదే జాబితాలో కనిపిస్తుంది. మీది కానిది ఉంటే 'నా నంబరు కాదు' అని అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వారానికి ఒకసారి, నెలకు మరోసారి చూడండి. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 కనెక్షన్లు ఉండవచ్చు, ఈశాన్య రాష్ట్రాల్లో, జమ్మూ కాశ్మీర్‌లో 6. మీరు వాడేది రెండే అయినా మిగతా ఏడింటికి చోటు ఖాళీగా ఉందని గుర్తుంచుకోండి.

ఆధార్ వేలిముద్రలకు తాళం వేసే సౌకర్యం కూడా ఉంది. ఆధార్ యాప్‌లో 'బయోమెట్రిక్ లాక్' పెట్టండి. అయితే రేషన్‌కు వేలు పెట్టాల్సిన రోజున తీసి, తరువాత మళ్లీ వేయాలి. ఇది చెప్పకపోతే రేషన్ షాపు ముందు నిలబడి నన్ను తిట్టుకుంటారు.

మరి వీధి చివర షాపు వద్దా? వద్దని నేను అనను. తెర పగిలినా ఛార్జింగ్ పిన్ వదులైనా ముందు పరుగెత్తేది అతని దగ్గరకే. పోయిన సిమ్‌కు బదులు కొత్తది తీసుకోవడం, నంబరు వేరే పేరుకు మార్చడం, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) వంటి పనులకు మాత్రం కంపెనీ నేరుగా నడిపే దుకాణానికే వెళ్లండి. నంబరు చేయి మారితే బ్యాంకు ఓటీపీలు చేయి మారినట్టే. ఫోను ఎక్కడైనా కొనండి, నంబరు పనులు మాత్రం కంపెనీ దుకాణంలోనే చేయించండి.

ఇంకొక మాట, ఇది షాపుల మీద కాదు, మన మీద. కొత్త ఫోను పెట్టె విప్పి 'అన్నీ నువ్వే పెట్టెయ్యి బాబూ' అని అప్పగించేవారు ఎందరో. షాపు కుర్రవాడు ఫోనుకు కావాల్సిన ఖాతా (గూగుల్ లాంటిది) తెరుస్తాడు, పాస్‌వర్డ్ తనే ఎంచుకుంటాడు, దాన్ని పెట్టె మూత మీద పెన్నుతో రాసి ఇస్తాడు. ఆ ఖాతాలో మీ ఫొటోలు, మీ నంబర్లు, మీరు ఎక్కడ తిరుగుతున్నారో తెలిపే మ్యాపు, అన్నీ చేరుతాయి. పాస్‌వర్డ్ తెలిసినవాడు అవన్నీ చూడగలడు. ఏడాది తరువాత ఫోను రీసెట్ చేస్తే పాత ఖాతా వివరాలు అడుగుతుంది. ఆ కుర్రవాడు అప్పటికి ఉద్యోగం మానేసి సూరత్ వెళ్లిపోయి ఉంటాడు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఎన్ని వస్తున్నాయో చెప్పలేను. వాటికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ తాళం దొంగలను ఆపడానికి పెట్టింది, మీకోసం తెరుచుకోదు. ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మీ ఖాతా మీరే తెరవండి.

ప్రశ్న: వాయిదాల మీద ఫోను తీసుకున్నాను. ఒక నెల కిస్తు ఆలస్యమయ్యేసరికి తెర మొత్తం మూసుకుపోయింది. రీసెట్ చేసినా పోవడం లేదు. హ్యాక్ అయిందా?
- గుణుపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హ్యాక్ కాలేదమ్మా. వాయిదా కంపెనీ వేసిన తాళం అది. ఫోను మొదటిసారి ఆన్ చేసినప్పుడే షాపులో ఒక క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఆ తాళానికి ఫోను మీద యజమాని హోదా ఇచ్చేస్తారు. అందుకే రీసెట్‌కు లొంగదు. కిస్తు కట్టి, తెర మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే తీస్తారు. యాభై రూపాయలకు తీసేస్తామని చెప్పే వీడియోలను నమ్మి ఏ ఫైలూ ఎక్కించవద్దు, అవి ఉన్న డబ్బును కూడా ఊడ్చేస్తాయి. అప్పు పూర్తిగా తీరాక ఆ యాప్ నిజంగా తొలగిందో లేదో సెట్టింగ్స్‌లో 'పరికర నిర్వాహకులు' దగ్గర చూసుకోండి. పోకపోతే రాతపూర్వకంగా అడగండి.

బాకీ వసూలు చేసుకునే హక్కు వారికి ఉంది. కానీ జ్వరమొచ్చిన పిల్ల కోసం ఆటో పిలవాల్సిన ఫోను, కూలి డబ్బు పడే ఫోను, మొత్తంగా మూసేయడం వసూలు కాదు, బెదిరింపు. పైగా తాళం వేస్తామన్న షరతు ఒప్పందంలో ఎక్కడో సన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఒడిశాలో తెలుగు చదివేవారికి ఒప్పందం తెలుగులో ఇవ్వాలని ఎవరికీ తట్టదు. నోటిమాటగా చెప్పే షాపు కుర్రవాడు కూడా అమ్మకం జరగాలన్న తొందరలో ఆ ముక్క మింగేస్తాడు. వాయిదాల మీద కొనేవారు సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: 'కిస్తు తప్పితే ఫోను లాక్ చేస్తారా?' జవాబు బిల్లు వెనక రాయించుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఖరీదైన ఫోను పంపింది. మన సిమ్ పెట్టడానికి చోటే లేదు. షాపువాళ్లు నకిలీదంటున్నారు.
- పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నకిలీది కాకపోవచ్చు. 2022 నుంచి అమెరికాలో అమ్మే కొన్ని ఖరీదైన ఫోన్లకు సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే. మన దగ్గర ప్రధాన ప్రైవేటు నెట్‌వర్కులు ఈ-సిమ్ ఇస్తాయి. అంతకన్నా ముందు అమ్మాయిని ఒకటి అడగండి: దాన్ని నెట్‌వర్క్ కంపెనీ దుకాణంలో వాయిదాల మీద కొన్నదా, పూర్తి ధర చెల్లించి కొన్నదా? అక్కడ వాయిదాల ఫోను సాధారణంగా బాకీ తీరేవరకు ఆ ఒక్క నెట్‌వర్క్‌కే పరిమితం. విప్పగలిగేది ఆ కంపెనీ మాత్రమే, పాతపట్నం షాపులో ఎవరి వల్లా కాదు. బాకీ తీరగానే అన్‌లాక్ అడగాల్సింది ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో వారు, అంటే మీ అమ్మాయి. అది జరిగే వరకు పాత ఫోనునూ అందులోని సిమ్‌నూ కదిలించకండి. బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే.