మూడు నిమిషాల ఆటలో స్టాఫర్డ్ గాంబిట్: ఆడొచ్చా, మానేయాలా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో మూడు నిమిషాల చెస్ ఆడుతుంటాను. నల్లపావులొస్తే స్టాఫర్డ్ గాంబిట్టే. బాగానే గెలుస్తున్నాను. టోర్నమెంట్లు ఆడే మా తమ్ముడి కూతురు మాత్రం "అది చెల్లని ఓపెనింగ్ పెదనాన్నా, అవతలివాళ్లకి తెలీక గెలుస్తున్నారు" అంటోంది. ఇలా గెలవడం మోసమా? మానేయమంటారా?

జవాబు: మోసం కాదండీ. మానేయనూ అక్కర్లేదు. గాంబిట్ అంటేనే దాడి కోసం మొదట్లోనే బంటు వదులుకునే ఓపెనింగ్, నియమాల ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం: తెలుపు సరిగ్గా ఆడితే ఇది నిలవదు.

మిగతా పాఠకుల కోసం ఎత్తులు చెబుతాను (ఈ4, ఎఫ్3 లాంటివి బోర్డు మీద గళ్ల పేర్లు; పావు పేరు చెప్పకపోతే అది బంటు). తెలుపు ఈ4, మనం ఈ5. తెల్లగుర్రం ఎఫ్3, మన గుర్రం ఎఫ్6. ఇంతవరకూ పెట్రోవ్ డిఫెన్స్, గ్రాండ్‌మాస్టర్లు నమ్మకంగా ఆడేదే. ఆ తెల్లగుర్రం ఈ5 బంటును కొట్టగానే మన రెండో గుర్రాన్ని సీ6లో పెడితే స్టాఫర్డ్. తెలుపు దాన్ని కొడుతుంది, మనం డీ బంటుతో తిరిగి కొడతాం. లెక్కకి ఒక బంటు తక్కువ. బదులుగా రెండు బిషప్‌లకీ, మంత్రికీ దారులు తెరుచుకుంటాయి.

ఇప్పుడు తెలుపు డీ3 ఆడిందనుకోండి. మన బిషప్ సీ5కి వస్తుంది. తెల్ల బిషప్ జీ5కి వచ్చి మన గుర్రాన్ని మంత్రికి కట్టేస్తుంది, అంటే గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది. ఎవరి చెయ్యైనా ముందు అక్కడికే పోతుంది. ఆ కట్టేసిన గుర్రంతోనే మనం ఈ4 బంటును కొడతాం. మంత్రి ఊరికే దొరికిందని అవతలివాడు కొట్టేస్తాడు. మన బిషప్ ఎఫ్2లో చెక్. రాజు పోగలిగింది ఒక్క ఈ2కే. రెండో బిషప్ జీ4కి వస్తుంది, మేట్! మంత్రి పోయాక ఒక గుర్రం, రెండు బిషప్‌లు రాజును అలా పట్టేయడం ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. వలసరవాక్కంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఇది నేనే చూపిస్తాను. మంత్రికి కట్టేసిన గుర్రం కూడా కదలగలదని ఇంతకంటే బాగా తెలియజెప్పే ఆట నాకు కనబడలేదు.

మూడు నిమిషాల ఆటలో గడియారం కూడా ఒక పావే. మీకు కంఠస్థంగా వచ్చినదాన్ని అవతలివాడు అప్పటికప్పుడు ఆలోచించి పట్టుకోవాలి. ఆ సెకన్లు మీరు న్యాయంగా సంపాదించుకున్నవే. కాకపోతే అమెరికన్ ఆటగాడు ఎరిక్ రోజెన్ వీడియోలతో ఈ గాంబిట్ ఊరూరా తెలిసిపోయింది. మీ రేటింగ్ పెరిగేకొద్దీ డీ3 తర్వాత ఆరో ఎత్తుకి బిషప్‌ను నిమ్మళంగా ఈ2లో పెట్టేవాళ్లు ఎక్కువవుతారు. మీరు హెచ్5 తోస్తే వాళ్లు సీ3 ఆడి, సీ5 బిషప్ మీదికి డీ4 సిద్ధం చేసుకుంటారు. ఇక మీ దగ్గర మిగిలేది బంటు లోటు.

నా బెంగ అది కూడా కాదు. ఉచ్చు మీద బతికే ఆటగాడు "అవతల మంచి జవాబేమిటి?" అని అడగడం మానేసి, "వీడు పడతాడా?" అని ఎదురుచూడ్డం మొదలుపెడతాడు. చెన్నై టోర్నమెంట్ హాళ్లలో చూస్తుంటాను: బిషప్ ఈ2కి రాగానే పిల్లవాడి ముఖం వాడిపోతుంది, తర్వాత ఏం చెయ్యాలో తోచదు. అందుకే పది నిమిషాలు దాటిన ఆటల్లోనూ, బోర్డు మీద ఎదురెదురుగా కూర్చునే ఆటల్లోనూ స్టాఫర్డ్ వద్దని గట్టిగా చెబుతాను.

బంటు ఇచ్చి దాడి చేయడం మీకిష్టమైతే ఆ ఇష్టాన్ని చంపుకోకండి. 1995లో రీగాలో కాస్పరోవ్ అంతటివాడు మన చెన్నై ఆనంద్ మీద పాతకాలపు ఎవాన్స్ గాంబిట్ ఆడి 25 ఎత్తుల్లో గెలిచాడు. అది తెల్లపావులతో ఆడేది. నల్లపావులతో టూ నైట్స్ డిఫెన్స్ నేర్చుకోండి: ఈ4, ఈ5 అయ్యాక తెల్లగుర్రం ఎఫ్3కి, బిషప్ సీ4కి వస్తే మన గుర్రాలు రెండూ సీ6, ఎఫ్6లో ఉంటాయి. తెల్లగుర్రం జీ5కి వస్తే డీ5 తోసి, తెలుపు ఆ బంటును కొట్టాక సీ6 గుర్రాన్ని ఏ5లో పెట్టండి. అక్కడా బంటు పోతుంది, కానీ తెలుపు ఎంత బాగా ఆడినా మీ పావుల ఊపు నిజంగా ఉంటుంది. కంప్యూటర్ కూడా దాన్ని తోసిపుచ్చదు.

ఈ ఆదివారం మీ అమ్మాయిని తెల్లపావులతో కూర్చోబెట్టి, ఆరో ఎత్తుకి బిషప్‌ను ఈ2లో పెట్టమనండి. గడియారం వద్దు. అక్కణ్నుంచి మీరు ఆడిన ఎత్తులన్నీ రాసి పంపితే వచ్చే సంచికలో చూద్దాం.