యూరప్‌లో అంత పెద్ద బాస్కెట్‌బాల్ స్టార్ అయిన డ్రాజెన్ పెట్రోవిచ్‌ని అమెరికా NBA లీగ్‌లోని పోర్ట్‌లాండ్ టీమ్ ఎందుకు ఆడించలేదు?

ఆట రాక మాత్రం కాదండి. 1985లో యుగోస్లావియా లీగ్‌లో ఒక్క మ్యాచ్‌లో 112 పాయింట్లు కొట్టినవాడు, సిబోనా జాగ్రెబ్ క్లబ్‌తో వరసగా రెండుసార్లు యూరప్ ఛాంపియన్ అయినవాడు.

1989లో పోర్ట్‌లాండ్‌కి వచ్చేసరికి అతని పొజిషన్లో క్లైడ్ డ్రెక్స్‌లర్, టెర్రీ పోర్టర్ పాతుకుపోయి ఉన్నారు, టీమ్ కూడా ఆ సీజన్ ఫైనల్స్ దాకా వెళ్లింది, గెలుస్తున్న టీమ్‌ని ఏ కోచ్ కదిలిస్తాడు చెప్పండి. పైగా డిఫెన్స్‌లో స్పీడ్ చాలదని అతని మీద అనుమానం. మొదటి ఏడాది మ్యాచ్‌కి 12 నిమిషాలు దొరికాయి, తర్వాత అదే పొజిషన్లో ఆడే డానీ ఏంజ్ కూడా రావడంతో 7కి పడిపోయాయి, అదీ 48 నిమిషాల ఆటలో! జాగ్రెబ్‌లో మ్యాచ్ అంతా బంతి తన చేతిలోనే ఉండేది, అలాంటోడు ఇక్కడ వామప్ జాకెట్ వేసుకుని బెంచ్ మీద కూర్చుని, పిలిచినప్పుడు చల్లబడ్డ ఒంటితో లేచి రెండు షాట్లు వేసి మళ్లీ కూర్చోవాలి, షూటర్‌కి ఇంతకంటే నరకం ఉండదు. నాకైతే డిఫెన్స్ కన్నా ఇదే అసలు దెబ్బ అనిపిస్తుంది.

1991 జనవరిలో ట్రేడ్ అయి న్యూజెర్సీ నెట్స్ టీమ్‌కి వెళ్లాడు. తర్వాతి సీజన్లో దాదాపు 37 నిమిషాలు ఆడనిస్తే సగటున 20.6 పాయింట్లు, ఆపై ఏడాది 22.3. అదే మనిషి, అదే షాట్. 1993 జూన్‌లో జర్మనీలో కారు యాక్సిడెంట్‌లో పోయాడు, అప్పటికి 28 ఏళ్లే.