కుండీ మారకపోయినా ‘కుండీ మార్పిడే’నా?

సందేహం: మా ఇంట్లో 40 ఏళ్ల పూల బోన్సాయ్ (కుండీలోనే పొట్టిగా పెంచేది) ఉంది. ఈమధ్య దాన్ని కుండీలోంచి తీసి, వేళ్లు కత్తిరించి, కొత్త మన్ను పోసి, కొమ్మలకు లోహపు తీగ చుట్టాం. ఆ పని గురించి రాద్దామని కూర్చుంటే అడుగడుగునా అనుమానమే. ఇది మొక్కా, చెట్టా? ‘ముసలి చెట్టు’ అనవచ్చా? ఇంగ్లిషులో రీపాటింగ్ అనే ఈ పనిని ‘కుండీ మార్పిడి’ అంటే సరిపోతుందా? షేప్ చేయడాన్ని ‘మలచడం’ అనాలా? జానెడు చెట్టు ‘విరగబూసింది’ అంటే నవ్వుతారా?

సమాధానం: నవ్వరు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

చెట్టు అనే రాయండి. తెలుగులో ఈ మాట ఎత్తును బట్టి రాదు. మోకాలి ఎత్తు కూడా లేని మిరపను కాపుకొచ్చాక మిరప చెట్టు అంటున్నాం కదా! ఇంకా ఎదగాల్సినది మొక్క, ఎదిగి పూసేది చెట్టు. బోన్సాయ్ అనే జపాను మాటలో ‘బొన్’ అంటే పళ్లెం లాంటి లోతు తక్కువ పాత్ర, ‘సాయ్’ అంటే నాటడం. అంటే ఆ పేరు పెంచే తీరుదే గానీ ఎత్తుది కాదు. దీనికి మనవాళ్లు కల్పించిన వాటిలో ‘మరుగుజ్జు చెట్టు’ కన్నా ‘వామన వృక్షం’ నాకు నచ్చుతుంది. బోన్సాయ్ పుట్టుకతో పొట్టిది కాదు, మామూలు జాతి చెట్టే. తీసుకెళ్లి నేలలో నాటితే మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. వామనుడి కథా అదే కదా!

ఇక వయసు. ‘పాత చెట్టు’ అంటే కొత్తది ఇంకొకటి వచ్చిందేమో అనిపిస్తుంది, పాత ఇల్లు, పాత చొక్కా అన్నట్టు. ‘ముసలి’ అంటే ఇక అయిపోయిందన్న ధ్వని వస్తుంది. ‘ముదురు’ అనేది ‘లేత’కు ఎదురు మాట కాబట్టి కొమ్మకూ ఆకుకూ బాగుంటుంది. మొత్తం చెట్టును ముదురు అంటే మాత్రం అది మనల్ని మోసం చేసినట్టుంటుంది. మీరు సందేహంలో రాసిన ‘40 ఏళ్ల పూల బోన్సాయ్’ కన్నా మంచి మాట నేను చెప్పలేను.

అసలు చిక్కు రీపాటింగ్ దగ్గరుంది. మార్పిడి అంటే ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడం, ఒకదాని చోట ఇంకొకటి పెట్టడం. నోట్ల మార్పిడి, పంట మార్పిడి అలా వచ్చినవే. ఎదిగిన బోన్సాయ్ విషయంలో చాలాసార్లు కుండీ మారదు. మూడు నుంచి ఐదేళ్లకోసారి చెట్టును పైకి తీసి, వేళ్లలో మూడోవంతు దాకా కత్తిరించి, కడిగిన అదే కుండీలో మళ్లీ కూర్చోబెడతారు. మారింది మన్ను. కాబట్టి ‘మన్ను మార్చాం’ అనండి. కుండీ నిజంగానే మారితే ‘కుండీ మార్చాం’ అనండి. రెండింటికీ కలిపి ఒకే పేరు కావాలనుకోవడం ఇంగ్లిషు అలవాటు. మన దగ్గర చేయి ఏం చేస్తే దానికే పేరు.

మీ వాక్యంలో ఇంకో తమాషా ఉంది. ‘వేళ్లు కత్తిరించి’ అన్నారు. చదవగానే నా చేయి నేనొకసారి చూసుకున్నాను! చెట్టు వేరుకూ చేతి వేలుకూ బహువచనం ‘వేళ్లు’ అనే వస్తుంది. ఊరు ఊళ్లయినట్టు వేరు వేళ్లయింది, తప్పేమీ లేదు, పైన నేనూ అలాగే రాశాను. కానీ ఈ పని చేసేటప్పుడు చూడండి: కుండీ ఆకారంలోనే బిగుసుకుపోయిన వేళ్ల ముద్దను పుల్లతో గుచ్చి, జడ చిక్కు తీసినట్టు ఒక్కో పోగూ కిందికి లాగుతారు. మధ్యలో పుల్ల పక్కన పెట్టి ‘వేళ్లతో వేళ్లు విడదీస్తారు’. ఇలాంటి చోట ‘వేర్లు’ అని రాస్తే పాఠకుడికి టెన్షన్ ఉండదు. ఆ రూపమూ వాడుకలో ఉన్నదే.

కత్తిరించడం అన్న ఒక్క మాటతోనే మొత్తం పని నడిపించకండి. గోటితో తీస్తే గిల్లడం, వేళ్లతో విరిస్తే తుంచడం, కత్తెర పడితే కత్తిరించడం, రంపం పడితే కోయడం. చిగురును ‘కోశాను’ అన్నా, బొటనవేలంత కొమ్మను ‘గిల్లాను’ అన్నా చదివేవాళ్ల కళ్ల ముందు పని కనబడదు.

మలచడం రాతికి సరిపోయే మాట. ఉలి దెబ్బకు ఊడిన రాయి మళ్లీ మొలవదు. చెట్టు అలా కాదు, మీరు ఒక తీరుకు తెచ్చేసరికి ఇంకోవైపు చిగురేస్తుంది. అందుకే ‘తీర్చిదిద్దడం’ అనండి. తీర్చడం అంటే ఒక పొందికలో పెట్టడం, ముగ్గు తీర్చినట్టు. దిద్దడం అంటే తప్పును మళ్లీ మళ్లీ సరిచేయడం. తీగ చుట్టి కొమ్మను వంచడం మొదటిది. అది కొమ్మలోకి కోసుకుపోయేలోపు విప్పి, ఇంకోలా చుట్టడం రెండోది. వంచడం అనే అనండి, వంగడం కాదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతలో వంగడం తనంతట తానే. బోన్సాయ్‌లో తీగ వంచుతుంది. అయినా సామెతదే గెలుపు: ముదురు కొమ్మను బలవంతంగా వంచితే విరుగుతుంది, లేతకొమ్మే మాట వింటుంది.

ఇక విరగబూయడం. కొమ్మలు విరిగేంతగా పూయడమని దాని అర్థం. పెన్సిలు మందం కూడా లేని కొమ్మకు గుత్తులు గుత్తులుగా పూలు వేలాడితే, మర్రంత చెట్టు కన్నా దీనికే ఆ మాట ఎక్కువ నప్పుతుంది. మన్ను మార్చిన ఏడాది మాత్రం చెట్టు అలిసిపోకుండా మొగ్గల్లో చాలావాటిని గిల్లేస్తుంటారు. మీరూ గిల్లి ఉంటే, ఈసారికి ‘పూసింది’ అంటే చాలు.