మొక్కిన పేరు, నచ్చిన పేరు

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. రెండు గర్భాలు నిలవక, మూడోసారి పాప పుట్టింది. ఇప్పుడు ఐదో నెల. ఈ బిడ్డ నిలిస్తే విజయనగరం పైడితల్లి అమ్మవారి పేరు పెడతానని మా అత్తగారు మొక్కుకున్నారు. నాకేమో ‘ఆద్య’ అని పెట్టుకోవాలని ఉంది. మావారు ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అంటున్నారు. బారసాల నాడు కూడా పేరు ఖాయం కాలేదు. నాది మొండితనమా?

జవాబు: కాదమ్మా. అయితే మీ అత్తగారిది కూడా మొండితనం కాదు. రెండుసార్లు మీరు ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో తిరిగివచ్చినప్పుడు ఆవిడ చేయగలిగినది మొక్కుకోవడమొక్కటే. ఆవిడ దృష్టిలో అది పేరు కాదు, అమ్మవారికి తీర్చవలసిన బాకీ. అందుచేత మీరు ‘పాతకాలపు పేరు’ అన్నప్పుడల్లా, తన మొక్కును మీరు లెక్క చేయడం లేదనే ఆవిడకు తోస్తుంది.

మన ప్రాంతంలో అప్పన్న, కూర్మారావు, ముఖలింగం, పైడిరాజు వంటి పేర్లన్నీ దేవుళ్ళ నుంచి ఇళ్ళలోకి వచ్చినవే. ఉద్యోగాలకు ఊరు దాటినవారిలో కొందరు వెక్కిరింపులు పడలేక వాటిని కుదించుకున్న మాటా నిజమే. మీ భయం అదే అయితే దానిని అత్తగారికి దాచకుండా చెప్పండి. పైడి అంటే బంగారమే కనుక కాంచన అనో హిరణ్మయి అనో పెడితే సరిపోతుందని ఎవరైనా అనవచ్చు గాని, నేను అనను. నిఘంటువు ఒప్పుకున్నా, మొక్కిన మనిషి చెవికి అది అమ్మవారి పేరు కాదు.

రెండు పేర్లూ కలిపి ‘పైడి ఆద్య’ అని రాయించండి. బడిలో ఆద్య అంటారు, నాయనమ్మ పైడమ్మా అంటుంది. ఒక మనిషికి రెండు పేర్లుండడం కొత్తేమీ కాదు. జన్మనక్షత్రాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం చెబుతారు కదా, హస్తా నక్షత్రానికి పూ, ష, ణ, ఠ అని అక్షరాలు చెబితే ‘ణ’తో పేరు ఎక్కడ దొరుకుతుంది? జన్మనామం వేరు, వ్యవహార నామం వేరు అన్న వెసులుబాటు పెద్దలు పెట్టిందే. అయితే ఈ ప్రతిపాదన మీ నోట కాక మీవారి నోట రావాలి. తల్లికీ భార్యకీ మధ్య మాట్లాడవలసిన మనిషి ‘తేల్చుకోండి’ అని తప్పుకోవడమే, నా ఉద్దేశంలో, ఈ తగవు ఐదు నెలలు సాగడానికి కారణం.

పేరు లేకుండా పుట్టుక నమోదు చేసి ఉంటే, నమోదయిన 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తరువాత రుసుము కట్టి 15 ఏళ్ళ వరకు అవకాశముంది. గడువుందని ఆగకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఒకసారి రాయించిన పేరును మార్పించడం కష్టం కనుక ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించి, ఆధార్‌లోనూ అవే అక్షరాలు ఉండేలా చూసుకోండి.

అమ్మవారి సిరిమాను జాతర నాటి రద్దీలో పసిబిడ్డతో వద్దు గాని, ఒక మామూలు మంగళవారం విజయనగరం గుడికి వెళ్ళి, పాపను అత్తగారి చేతుల్లో పెట్టండి. ఆ పేరుతో మొదట ఆవిడే పిలవనివ్వండి.