టెక్ సందేహాలు: పెడల్‌కి యాప్ ఎందుకు?

ప్రశ్న: కారుకి అల్యూమినియం రేసింగ్ పెడళ్ళు వేయించాను. యాక్సిలరేటర్‌కి రెండు చిల్లులు వేసి బోల్టులతో బిగించారు. మర్నాటి నుంచి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఒక్కోసారి ఎంత తొక్కినా బండి కదలనంటుంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ2138 అని చూపించింది. ఇంజిన్ దెబ్బతిన్నట్టేనా?

ఇంజిన్ నిక్షేపంలా ఉంది. దెబ్బ తగిలింది పెడల్‌కి. రేసింగ్ పెడళ్ళు వేయించాక ఇదే కోడ్ వచ్చిందంటూ ఈమధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. అందుకని ఒకసారి వివరంగా చెబుతాను.

పాత కార్లలో యాక్సిలరేటర్ తొక్కితే ఒక కేబుల్ వెళ్ళి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌ని తెరిచేది. ఇప్పుడా కేబుల్ లేదు. పెడల్ కాడ మొదట్లో, ఒక ప్లాస్టిక్ డబ్బీ లోపల రెండు సెన్సర్లుంటాయి. మీ పాదం ఎంత దిగిందో రెండూ విడివిడిగా ఇంజిన్ కంప్యూటర్‌కి చెబుతాయి. చాలా కార్లలో రెండోది మొదటిదాంట్లో సగం వోల్టేజీ ఇస్తుంది: ఒకటి 2 వోల్టులంటే రెండోది 1 అనాలి. ఇద్దరు సాక్షుల్ని విడివిడిగా విచారించడం లాంటిదే ఇది. మాటలు పొసగకపోతే కంప్యూటర్ ఇద్దర్నీ నమ్మదు. శక్తి బాగా తగ్గించేసి, బండిని మెకానిక్ దగ్గరికి చేరేంత మట్టుకే నడవనిస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు. పీ2138 అంటే ఆ ఇద్దరి సాక్ష్యం కుదరలేదని.

చిల్లు వేసింది పాదం పెట్టే చోట కదా, సెన్సర్‌కేం సంబంధం అంటారేమో. పెడల్‌ని విప్పకుండా కారులోనే డ్రిల్లు పెడితే ఆ ఒత్తిడంతా కాడ మీదుగా డబ్బీలోకే పోతుంది. ఆ కాడ ముందుకీ వెనక్కీ ఊగడానికి చేసింది, పక్కకి నెడితే ఓర్చుకోదు. ఒకవేళ విప్పి చేసి ఉంటే, తిరిగి పెట్టేటప్పుడు కనెక్టర్‌ని పూర్తిగా నొక్కి ఉండరు. మీ బండి కాసేపు బాగుండి కాసేపు మొరాయిస్తోంది కాబట్టి ముందు అదే చూడండి. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ తీసి, పిన్నులేమైనా వంగాయేమో టార్చి వేసి చూసి, టక్కుమనేదాకా నొక్కండి. తర్వాత చిల్లుల అంచుల్ని వేలితో తడమండి. వెంట్రుకంత బీట కనిపించినా పెడల్ మొత్తం మార్చాల్సిందే, జిగురుతో అతికించే పని పెట్టుకోవద్దు. ఇంకో మాట. బోల్టు వదులవకుండా వేసే థ్రెడ్‌లాకర్ ద్రవం కొన్ని రకాల ప్లాస్టిక్‌ని పగుళ్ళు వచ్చేలా చేస్తుంది. ప్లాస్టిక్ పెడల్ మీద దానికి బదులు లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు వాడాలి.

యాక్సిలరేటర్‌కి చిల్లు వేయాల్సిన కిట్ ఏదైనా సరే, నేను కొనను, ఇంకొకర్ని కొననివ్వను. ఏ కారుకైనా సరిపోతుందని అమ్మే క్లాంపు రకం మరీ అధ్వానం. రెండు చిన్న స్క్రూలు వదులయ్యాయంటే ప్యాడ్ పక్కకి జారుతుంది. అసలు రబ్బరు తీసేసి ఆ గాడిలోనే గట్టిగా కూర్చునేలా, ఆ మోడల్ కోసమే చేసినవి నయం.

ఇక పరీక్ష సంగతి. అందరూ తొందరపడేది ఇక్కడే. బిగించగానే రోడ్డెక్కి ఒక రౌండ్ కొట్టి బాగుందనేస్తారు. పరీక్ష మొదలవ్వాల్సింది ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు. ఎదురుగా ఏదో అడ్డం వస్తే ఎంత బలంగా తొక్కుతారో అంత బలంగా బ్రేక్‌ని ఇరవైసార్లు తొక్కండి. మధ్యలోనే కాదు, అంచుల మీద కూడా. తడి చెప్పులతో కూడా తొక్కి చూడండి, నున్నటి అల్యూమినియం మీద కాలు ఎలా జారుతుందో తెలుస్తుంది. ప్యాడ్ రవ్వంత మెలితిరిగినా ఇక నడపొద్దు.

తర్వాత యాక్సిలరేటర్‌ని చేత్తో నేలదాకా నొక్కి వదలండి. ఠక్కున పైకి రావాలి. అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో 124వది ఈ ఒక్క విషయం మీదే ఉంది. కాలు తీయగానే థ్రాటిల్‌ని వెనక్కి తేవడానికి కనీసం రెండు వేర్వేరు ఏర్పాట్లుండాలి, ఒకటి విరిగినా రెండోది ఆ పని చేయాలి. మామూలు వాతావరణంలో కార్లకి ఇచ్చిన గడువు ఒక్క సెకను. స్ప్రింగులు జంటగా పెట్టేది అందుకే. తేలికైన ప్లాస్టిక్ పెడల్‌ని లెక్కలో పెట్టుకుని చేసిన స్ప్రింగుల మీద లోహపు ప్యాడ్ బరువు వేస్తున్నామని గుర్తుంచుకోవాలి.

ఒక స్నేహితుడి కారులో నేను చూసింది చెబుతాను. పెడళ్ళు మార్చకముందు, ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉంచి, యాక్సిలరేటర్‌ని చివరిదాకా నొక్కితే స్కానర్ 78 శాతం చూపించింది. చాలా కార్లలో ఈ అంకె 100కి చేరదు, అది లోపం కాదు. మార్చాక అంతే బలంగా నొక్కితే 69 దగ్గర ఆగిపోయింది. కింద పడుకుని చూస్తే, కొత్త ప్యాడ్ అసలుదానికన్నా వేలెడు పొడుగు. దాని కింది అంచు కార్పెట్‌కి ఆనిపోతోంది. నడిపేటప్పుడు అతనికి తేడా తెలియనే లేదు. ఆటోమేటిక్ బండి కాబట్టి, పెడల్ చివరికి చేరితేనే గేరు దించే కిక్‌డౌన్ అసలు పని చేయడమే మానేసింది. ఓవర్‌టేక్ మధ్యలో తెలిసుంటే ఏమయ్యేదో. అందుకే మార్చకముందు అంకె రాసుకోండి, మార్చాక పోల్చుకోండి. ఫ్లోర్ మ్యాట్ అంచు పెడల్ దరిదాపుల్లోకి వస్తోందేమో కూడా అప్పుడే చూసుకోండి.

బ్రేక్ లైట్లు వదిలేయొద్దు. బరువైన ప్యాడ్ వల్ల పెడల్ పూర్తిగా పైకి రాకపోతే బ్రేక్ ఇంకా తొక్కే ఉందనుకుని స్విచ్ లైట్లని ఆర్పదు. గోడ ముందు వెనక్కి తిప్పి నిలిపి చూస్తే రెండు నిమిషాల పని. పెడళ్ళ మధ్య ఎడం కూడా కొలవండి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 35వది అచ్చంగా కాలి పెడళ్ళ అమరిక గురించే. వెడల్పాటి ప్యాడ్లు వేసి ఆ ఎడాన్ని మింగేస్తే ఒకే బూటు రెండింటి మీదా పడుతుంది. రేసు డ్రైవర్లలా ఒకే కాలితో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కాలని సరదా పడేవాళ్ళు కావాలనే ఎడం తగ్గిస్తారు. చాలా కొత్త కార్లలో రెండూ కలిపి తొక్కితే కంప్యూటర్ బ్రేక్‌కే ఓటేసి ఇంజిన్ శక్తిని కోసేస్తుంది. అది సరైన పని. దాన్ని ఎలా ఆపెయ్యాలని దయచేసి నన్ను అడగొద్దు.

ప్రశ్న: రేసింగ్ పెడళ్ళ కిట్‌తో పాటు, యాక్సిలరేటర్ కనెక్టర్ మధ్యలో పెట్టే థ్రాటిల్ కంట్రోలర్ ఇచ్చారు. దాన్ని ఫోన్ యాప్‌తో మార్చుకోవచ్చు. ఫలితాలు చూసుకోవడానికి, స్కానర్ కలిపే ఓబీడీ పోర్టులో పెట్టే బ్లూటూత్ డాంగిల్ కూడా ఉంది. పవర్ ఎంత పెరుగుతుంది? డాంగిల్ ఎప్పుడూ ఉంచెయ్యొచ్చా?

పవర్ అసలు పెరగదు. మీరు 30 శాతం తొక్కితే ఆ పెట్టె కంప్యూటర్‌కి 50 అని చెబుతుంది, అంతే. పూర్తిగా తొక్కినప్పుడు అందే శక్తి ముందెంతో ఇప్పుడూ అంతే. బండి చురుగ్గా అయినట్టనిపిస్తుంది గానీ, నెమ్మదిగా కదపాల్సిన చోట, పార్కింగ్‌లోనూ ట్రాఫిక్‌లోనూ, పాదానికి పట్టు తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇంకో తంటా ఉంది. కాలు కొంచెం పైకి తీస్తే మోటారే బండిని నెమ్మదింపజేసే ఏర్పాటు ఉన్నవాటిలో పెడల్ ప్రయాణంలో మొదటి భాగం ఆ పనికే. సంకేతాన్ని సాగదీస్తే ఆ భాగం ఇరుకైపోతుంది, సాఫీగా ఆపడం కష్టమవుతుంది.

నన్ను కలవరపెట్టేది మాత్రం డాంగిల్.

ఓబీడీ పోర్టు మెకానిక్ కోసం పెట్టిన తలుపు. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి చేశారు. తలుపు తెరవాలంటే కారు లోపల కూర్చోవాలి, అదే దాని తాళం. బ్లూటూత్ డాంగిల్ పెట్టి వదిలేస్తే ఆ తలుపుని కారు బయటికి తెచ్చినట్టే. చవక డాంగిళ్ళలో జత కట్టే పిన్ 1234 లేదా 0000, మార్చుకునే వీలుండదు. కొన్ని అసలు పిన్నే అడగవు. బ్లూటూత్‌లో "జస్ట్ వర్క్స్" అనే పద్ధతి ఉంది. అవతల ఉన్నది ఎవరో నిర్ధారించుకోకుండానే చేయి కలిపేస్తుంది.

ఆ స్నేహితుడి కారుతోనే, అతని అనుమతితో, చూశాను. అందులో అలాంటి డాంగిల్ పెట్టి, కారు తలుపులు లాక్ చేసి, పక్క వరుసలో నిలబడి, అంతకుముందెప్పుడూ ఆ డాంగిల్‌తో కలపని ఫోన్ తీశాను. జాబితాలో పేరు కనిపించింది. 1234 కొట్టాను. కలిసిపోయింది. అతను ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజిన్ వేగం, పెడల్ స్థానం, కారు గుర్తింపు సంఖ్య వరసగా వచ్చేశాయి. మెమరీలో ఉన్న ఫాల్ట్ కోడ్లని చెరిపేసే బటనూ నా ముందుంది. కారు బయట నిలబడి, నా వేలి కింద.

ఇది చదివి చూడటంతో ఆగే సంగతి కాదు. 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో శాఖ పరిశోధకులు ఓబీడీ పోర్టులో పెట్టే, మొబైల్ నెట్‌వర్క్ ఉన్న ఒక డాంగిల్‌కి ఎస్సెమ్మెస్‌లు పంపి కారు వైపర్లు ఆడించారు, తక్కువ వేగంలో బ్రేకులు పని చేయకుండా చేసి చూపించారు. కారు భాగాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్‌ని బాష్ సంస్థ 1986లో బయటపెట్టింది. వచ్చిన సందేశం ఎవరిదని అడిగే అలవాటు దానికి పుట్టుకతోనే లేదు. కొత్త కార్లలో మధ్యలో గేట్‌వే అనే కాపలా పెట్టి పోర్టు నుంచి వచ్చేవాటిని వడగడుతున్నారు. రోడ్ల మీద తిరిగే చాలా పాత కార్లలో ఆ కాపలా లేదు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి 155వ నిబంధన వాహనాల సైబర్ భద్రత బాధ్యతని తయారీదారు మీద పెట్టింది. మీరు తర్వాత కొని తగిలించిన డాంగిల్‌కి ఆ తయారీదారు ఎక్కడ జవాబు చెబుతాడు?

కాబట్టి డాంగిల్ పరీక్ష చేసే పది నిమిషాలు పెట్టండి, తీసి డాష్‌బోర్డు అరలో వేయండి. వైరుతో కలిసే స్కానర్ దొరికితే అదే కొనుక్కోండి. యాప్ లొకేషన్, కాంటాక్టులు అడిగితే కాంటాక్టులకి వద్దనండి. పెడల్ ఎంత దిగిందో చెప్పడానికి మీ బంధువుల ఫోన్ నంబర్లెందుకు? పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పదు కాబట్టి, అది యాప్ వాడుతున్నంతసేపే అని పెట్టుకోండి.

థ్రాటిల్ కంట్రోలర్ సంగతికొస్తే, కొన్నింటి యాప్‌లో దొంగల నుంచి రక్షణ అంటూ పెడల్‌ని స్తంభింపజేసే బటన్ ఉంటుంది. యాక్సిలరేటర్‌ని చంపేయగల బటన్‌ని బ్లూటూత్ మీద పెట్టి, దానికి సరైన జత కట్టే పద్ధతి లేకుండా అమ్మడం నాకు మింగుడుపడదు. పాత కంట్రోలర్లకి డాష్‌బోర్డు మీద అంటించే ఒక చిన్న బటన్ ఉండేది, వైరుతో. నొక్కితే మోడ్ మారేది. దానికి ఖాతా అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, సర్వర్ మూసేస్తారన్న భయం లేదు. దాన్ని తీసేసి యాప్ పెట్టి, అదే కొత్తదనం అంటున్నారు. కాలి కింద తిరిగే వస్తువుకి లాగిన్ ఎందుకు? దాని సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వస్తే, నిన్నటిదాకా అలవాటైన పెడల్ ఇవాళ వేరేలా స్పందిస్తే, బ్రేక్ కొట్టాల్సిన క్షణంలో పాదం వేసుకున్న లెక్క తప్పుతుంది. కొన్ని కార్ల తయారీదారులు కూడా ఇదే చేస్తున్నారు. రాత్రికి రాత్రి అప్‌డేట్ పంపి, "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క రాసి, పెడల్ స్పందన మార్చామని మాత్రం చెప్పరు. స్టీరింగ్, బ్రేక్, యాక్సిలరేటర్ స్పందన మార్చే ఏ అప్‌డేట్ అయినా మొదటి వాక్యంలో ఆ మాట చెప్పాలి. వద్దనుకుంటే పాతదానికి వెళ్ళే దారీ ఉంచాలి.

ప్రశ్న: కంట్రోలర్, పెడళ్ళు పెట్టిన కారు అమ్మేస్తున్నాను. అలాగే ఇచ్చేయొచ్చా?

కంట్రోలర్ తీసేసి అసలు కనెక్టర్ కలిపి ఇవ్వండి. ఉంచాలని కొనేవాళ్ళు అడిగితే, ముందు మీ ఖాతా నుంచి పరికరాన్ని తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, వాళ్ళ ఫోన్‌తో వాళ్ళనే కొత్తగా జత కట్టమనండి. అప్పుడు మీ ఫోన్‌లో యాప్ తెరిచి, కారు పక్కనే నిలబడి, ఇంకా కనిపిస్తోందేమో చూడండి. కనిపించి, కలిసిందంటే ఆ పరికరాన్ని ఎవరికీ అమ్మొద్దు, విప్పేయండి. తీసి దాచిన అసలు రబ్బరు ప్యాడ్లు ఉంటే సంచిలో వేసి డిక్కీలో పెట్టండి. బ్రేక్ పెడల్ రబ్బరు సబ్బు నీళ్ళతో తడిపితే సులువుగా ఎక్కుతుందని కూడా చెప్పండి.