బీడిజైన్ చదివి ఎం.ఆర్క్‌కి వెళ్లొచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో నాలుగేండ్ల టెక్స్‌టైల్ డిజైన్ చదివిన. రెండేండ్ల నుంచి కొత్తవాడలో దర్రీలకు డిజైన్లు చేస్తున్న. ఆర్కిటెక్చర్‌లో పీజీ చెయ్యాలని ఉంది. ఇక్కడ కుదరదు, అమెరికాలో అయితదంటున్నరు. నేను చేసిన పనులు చూపే పోర్ట్‌ఫోలియోలో ఒక్క బిల్డింగు కూడా లేదు. త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని నాలుగు విల్లాలు చేసి పెట్టుమని ఒకరు చెప్పిన్రు. అట్లనే చెయ్యాల్నా?
– పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ విల్లాలు వద్దు. మూడు నెలల్లో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌తో చేసిన విల్లాలో కనిపించేది ఆ సాఫ్ట్‌వేరే. అందులో మీరు కనిపించరు. వేరే చదువు నుంచి వచ్చేవారి దగ్గర ఎంపిక కమిటీ భవనాలను ఆశించదు కూడా. మీరు ఒక వస్తువును ఎంత శ్రద్ధగా చూస్తారు, ఒక ఆలోచనను ఎన్నిసార్లు తిరగరాస్తారు అన్నదే వాళ్లు వెతుకుతారు.

ముందు దారి సంగతి. మన దేశంలో ఎం.ఆర్క్‌కి, అంటే ఆర్కిటెక్చర్ పీజీకి, ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీ.ఆర్క్ ఉండాల్సిందే. అమెరికాలో మాత్రం ఏ డిగ్రీ చదివినవారికైనా మూడు, మూడున్నరేళ్ల ఎం.ఆర్క్ ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆర్కిటెక్చర్ ముందే చదివినవారి కోసం అదే విశ్వవిద్యాలయంలో, ఇంచుమించు అదే పేరుతో ఏడాది, రెండేళ్ల కోర్సులు కూడా ఉంటాయి. తొందరలో దానికి టిక్కు పెడితే పోర్ట్‌ఫోలియో తెరవకుండానే దరఖాస్తు పక్కకు పోతుంది. ఎం.ఎస్. ఆర్కిటెక్చర్ అన్నది మరొకటి, అది లైసెన్సుకు దారితీసే డిగ్రీ కాదు. మీరు ఎంచుకునే కోర్సుకు నాబ్ (అమెరికాలో ఆర్కిటెక్చర్ కోర్సులను గుర్తించే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. బ్రిటన్‌లో ఎం.ఆర్క్ అంటే మామూలుగా రెండో దశ చదువు, దానికి ముందు ఆర్కిటెక్చర్ డిగ్రీతో మొదటి దశ పూర్తయి ఉండాలి.

ఇక పోర్ట్‌ఫోలియో. దర్రీల పనిలోంచి రెండు మాత్రమే తీసుకోండి. పూర్తయిన దర్రీ ఫొటో ఒక్కటి చాలు. మిగతా చోటంతా గళ్ల కాగితం మీద గీసిన మొదటి డిజైను, అద్దకం నమూనాలు, చెడిపోయిన ముక్క, అది ఎందుకు చెడింది, తర్వాత ఏం మార్చారు అన్నవాటికి ఇవ్వండి. మూడోది స్థలానికి సంబంధించినది కావాలి. నూలు తాళ్లతో రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు పందిరి అల్లి, ఎండాకాలంలో డాబా మీద కట్టి, ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడను ఒకే చోటు నుంచి ఫొటో తీయండి. అల్లిక వదులు చేసి మళ్లీ తీయండి. ఖర్చు తక్కువే, చెప్పేది మాత్రం ఎక్కువ.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: ఒక నిజమైన కట్టడాన్ని కొలిచి గీయడం. వేయిస్తంభాల గుడినో, వరంగల్ కోటలోని కీర్తి తోరణాలనో గీయాలనిపించడం సహజమే. కానీ అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, టేపు పట్టుకుని కొలవాలంటే అనుమతి అడగాలి. పైగా వాటిని ఇప్పటికే చాలామంది గీశారు. మగ్గాల షెడ్లను, గూన పెంకుటిండ్లను గీసినవారు తక్కువ, అవేమో కళ్లముందే కూలిపోతున్నాయి. మీరు రోజూ వెళ్లే మగ్గం షెడ్డునే తీసుకోండి.

5 మీటర్ల స్టీలు టేపు, 30 మీటర్ల పొడవు టేపు, తూకం గుండు, మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెలు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. గోడను ముక్కలుగా కొలిచి కూడకండి, ప్రతి ముక్కలో వచ్చే చిన్న తేడా చివరికి పోగవుతుంది. టేపు సున్నాను ఒక మూల పెట్టి తలుపు అంచు, కిటికీ అంచు, అవతలి మూల అన్నీ అక్కడి నుంచే చదవండి. పాత గదుల మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉండవు. అందుకే రెండు మూలల మధ్య అడ్డంగా, అటూ ఇటూ రెండు కర్ణాలూ కొలవాలి. అవి మరిచిపోతే ఇంటికొచ్చి గీసేటప్పుడు నాలుగో గోడ కలవదు, మళ్లీ వెళ్లాల్సిందే. గోడ మందం తలుపు దగ్గర దొరుకుతుంది. నేల వాలుగా ఉంటుంది కాబట్టి ఎత్తులు నేల నుంచి తీయకండి. నీళ్ల పైపుతో షెడ్డు చుట్టూ ఒక మట్టం గీత పెట్టుకుని, దాని నుంచి పైకీ కిందికీ కొలవండి.

ప్లాను 1:50 స్కేలులో (అసలు కొలతలో యాభయ్యో వంతు), అడ్డకోత (షెడ్డును నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) 1:20లో, దూలం గోడ మీద కూర్చునే చోటు 1:5లో గీయండి. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు షెడ్డు ప్లాను 20 సెంటీమీటర్లకు 12 సెంటీమీటర్లు వస్తుంది, అడ్డకోత 30 సెంటీమీటర్ల వెడల్పుతో ఏ3 కాగితంలో పడుతుంది. కోత గీత మగ్గం ముందు కూర్చున్న మనిషి మీదుగా పోవాలి. ఆయన కంటి ఎత్తెంత, వెలుతురు ఏ సందులోంచి నేత మీద పడుతోంది అన్నది ఆ ఒక్క బొమ్మలోనే తెలియాలి. నేత పని తెలిసిన మీరు గీసినట్టు దాన్ని ఇంకొకరు గీయలేరు.

మొత్తం 20 పేజీల దగ్గర ఆపండి. పేజీల పరిమితి, ఫైలు సైజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ముందే చూసుకోండి. పెన్సిల్ గీతలను ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో తీస్తే మసకగా వస్తాయి, 300 డీపీఐలో స్కాన్ చేయించండి. నలుగురు కలిసి చేసిన పనైతే మీ వాటా ఏమిటో అక్కడే రాయండి.

గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో పడతాయి. సిఫారసు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. కనీసం రెండు మీకు పాఠం చెప్పినవారివి అయితే మంచిది. అక్టోబరులోనే అడిగి, పోర్ట్‌ఫోలియో చిత్తు ప్రతి కూడా పంపండి. లేకుంటే ‘చాలా మంచి విద్యార్థిని’ అనే నాలుగు వాక్యాలే వస్తాయి.

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ, తర్వాత మూడేండ్ల విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ చేసిన. నాకు కూడా ఆ దారి ఉంటదా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉంది, కానీ రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ కావాలంటాయి. దరఖాస్తు రుసుము కట్టే ముందే అడ్మిషన్ల కార్యాలయానికి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. రెండోది, కొన్ని చోట్ల కాలేజీ స్థాయి క్యాలిక్యులస్, ఫిజిక్స్ ఒక్కో సెమిస్టరైనా చదివి ఉండాలి. క్రెడిట్లు లేని ఉచిత ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ను లెక్కలోకి తీసుకుంటారో లేదో కూడా అదే మెయిల్‌లో అడగండి. ఇక్కడే ఉండాలనుకుంటే సీడ్ అనే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు ప్రయత్నించవచ్చు. పరీక్ష రాయడానికి మూడేళ్ల డిగ్రీ సరిపోతుంది, కానీ ప్రవేశానికి అర్హత ఒక్కో ఐఐటీలో ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకోండి. ఎం.డిజైన్‌తో ఆర్కిటెక్ట్ కారు, ఆ తేడా గుర్తుంచుకుని ఎంచుకోండి.

ప్రశ్న: మా బిడ్డ ఇంటీరియర్ డిజైన్ చేసింది. అమెరికాలో ఎం.ఆర్క్ చేసి వస్తే ఇక్కడ ఆర్కిటెక్ట్‌నని బోర్డు పెట్టుకోవచ్చునా?
– ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: డిగ్రీ చేతికి రాగానే పెట్టుకోలేదండీ. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు వాడాలి. విదేశీ డిగ్రీకి గుర్తింపు దానంతటదే రాదు. బీ.ఆర్క్ లేకుండా ఎం.ఆర్క్ మాత్రమే ఉన్నప్పుడు ఈ ప్రశ్న మరింత గట్టిగా ఎదురవుతుంది. సీటు కోసం డబ్బు కట్టకముందే కోర్సు పేరు, కాలవ్యవధి, అమ్మాయి పాత డిగ్రీ వివరాలతో కౌన్సిల్‌కు రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అమెరికాలోనే ప్రాక్టీసు చేసేటట్టయితే, డిగ్రీ తర్వాత కూడా ఏఎక్స్‌పీ అనే శిక్షణ కార్యక్రమం కింద 3,740 గంటల పని అనుభవం, ఏఆర్‌ఈ అనే ఆరు భాగాల లైసెన్సు పరీక్ష ఉంటాయి. ఇక్కడే స్థిరపడాలన్నది ఖాయమై, ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఉంటే, నాటా ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ల బీ.ఆర్క్ చేయడమే తిన్ననైన దారి. ఏళ్లు ఎక్కువ పడతాయి కానీ, నమోదు దగ్గర ఈ అనుమానం ఉండదు.